పాత్రదానం, ఫ్లోరిడా పద్ధతి

దానం చేసేముందు పాత్రత చూసుకోమన్నారు మన పెద్దలు. ఎలా చూడాలో మాత్రం చెప్పకుండానే పోయారు. ఆ లోటును 2011లో అమెరికాలోని ఫ్లోరిడా తీర్చింది. ప్రభుత్వ సాయం కోరి వచ్చిన పేదల చేతికి ఒక పాత్ర ఇచ్చి, మత్తుపదార్థాల పరీక్షకు మూత్రం పోసి తెమ్మంది. పాత్రత పాత్రలోనే తేలుతుందన్న ఈ శ్లేష, తెలుగు ముక్క రాని గవర్నర్ రిక్ స్కాట్‌కు ఎలా తట్టిందో!

సాయం ఎంతనుకున్నారు? ముగ్గురున్న కుటుంబానికి నెలకు గరిష్ఠంగా 303 డాలర్లు. ఇంత ఐశ్వర్యం ఒక్కసారిగా మీదపడితే పేదవాళ్ళు ఏమైపోతారోనని ప్రభుత్వానికి బెంగ. పరీక్షకయ్యే సుమారు 30 డాలర్లు వాళ్ళే ముందుగా కట్టుకోవాలి. మత్తుపదార్థాల జాడ లేదని తేలితే తిరిగి ఇస్తారు. చేతిలో చిల్లిగవ్వ లేదని చెప్పుకోవడానికి వచ్చినవాడు ఆమాత్రం డబ్బు వెంట తెచ్చుకోకపోతే ఎలా?

ఇలాంటి చక్కని చట్టాలకు అడ్డుపడేవారిలో కొందరు మతగురువులు కూడా ఉండటమే నా బాధ. ఆకలి నేరం కాదట. తండ్రి తప్పుకు పిల్లల కంచం లాగకూడదట. మత్తుకు బానిసైనవాడికి కావలసింది వైద్యమట. వారిని అని లాభం లేదు, లోపం పునాదిలోనే ఉంది. బైబిల్లో యేసు ఐదు రొట్టెలు, రెండు చేపలతో 5,000 మందికి కడుపు నింపిన ఘట్టమే చూడండి. జనాన్ని వందేసి మందిగా, యాభైయేసి మందిగా పచ్చిక మీద కూర్చోబెట్టారు. నమూనాలు సేకరించడానికి అంతకంటే అనువైన వరుసలు ఏ ప్రభుత్వానికి దొరుకుతాయి? ఒక్కరికైనా పాత్ర అందించలేదు. పైగా 12 గంపల ముక్కలు మిగిలాయని సంతోషం! కానా అనే ఊళ్ళో యేసు వెళ్ళిన పెళ్ళిలో ఆరు రాతి బానలు సిద్ధంగానే ఉన్నాయి. వాటితో ఏదైనా పనికొచ్చే పరీక్ష చేయవలసింది పోయి, ద్రాక్షారసంతో నింపారు.

అంతకుముందూ ఇదే వరస. పంట కోసేటప్పుడు పొలం అంచులు వదిలేయమనీ, పరిగె పేదలకూ పరదేశులకూ విడిచిపెట్టమనీ మోషే ధర్మశాస్త్రం. పరదేశి అయిన పేద విధవ రూతు వచ్చి పరిగె ఏరుకుంటుంటే, పొలం యజమాని బోయజు ఒక పాత్ర పట్టుకుని గట్టు మీద నిలబడాలి కదా! ఆయన తన కూలీలతో, ఆమె ఏరుకోవడానికి మరికొన్ని వెన్నులు కావాలనే జారవిడవమన్నాడు. పని చేయనివాడు తినకూడదని యేసు అపొస్తలుడు పౌలు అన్న మాట ఒక్కటి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే శాసనకర్తలు కంఠస్థం చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇక ఫలితాలు. జూలై నుంచి అక్టోబరు వరకు నాలుగు నెలల్లో 4,000 మందికి పైగా పరీక్షిస్తే 108 మంది దొరికారు. నూటికి ముగ్గురైనా లేరు. మిగిలినవారికి పరీక్ష ఖర్చు కింద రాష్ట్రం తిరిగి చెల్లించింది 1,18,140 డాలర్లు. పేదల నిజాయితీ ఖజానాకు ఇంత భారమవుతుందని పాపం ఎవరూ ఊహించలేదు.

ఆ అక్టోబరులోనే ఫెడరల్ న్యాయమూర్తి ఈ పరీక్షలను ఆపేశారు. 2014లో అప్పీలు కోర్టూ అదే మాట అంది. కారణమేదీ చూపకుండా ఒంట్లోకి తొంగిచూడటం అక్రమ సోదా కిందికి వస్తుందట. జార్జియాలో ఎన్నికల అభ్యర్థులకు పెట్టిన ఇటువంటి పరీక్షనే సుప్రీంకోర్టు 1997లో కొట్టేసింది. నాయకుల మూత్రానికి స్వాతంత్ర్యం వచ్చిన 14 ఏళ్ళకు గానీ పేదల వంతు రాలేదు. లక్షన్నర డాలర్లకు మించి పన్ను మినహాయింపులు కోరే ధనికులకూ పాత్ర ఇద్దామని 2016లో అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యురాలు గ్వెన్ మూర్ ప్రతిపాదించారు. సాగలేదు. వారిది పుట్టుకతో వచ్చిన పాత్రత.

చట్టం తెచ్చిన ఏడాదే ఒక టీవీ హాస్యగాడు విలేకరుల మధ్య నిలబడి, మీరూ ఇందులో పోసి చూపిస్తారా అని గవర్నర్‌కు ఓ పాత్ర అందించబోయాడు. అది ఖాళీగానే ఉండిపోయింది. 2018లో స్కాట్ సెనేటుకు ఎన్నికయ్యారు.