హీరోకి కత్తి, విలన్‌కి మాట

ఈమధ్య హాలీవుడ్ సినిమా ‘క్వో వాడిస్’ (1951) మళ్లీ చూశాను. రోమ్ తగలబడుతుంది, సింహాలు మనుషుల మీద పడతాయి. ఇంత హడావుడిలో హీరో రాబర్ట్ టేలర్ ఏం చేశాడా అని ఆలోచిస్తే, ఆయన కవచం తప్ప ఏదీ గుర్తురాలేదు. నీరో వేసిన పీటర్ ఉస్తినోవ్ మాత్రం కళ్ల ముందే ఉన్నాడు. తన కొలువులోని పెట్రోనియస్ పోయాడని ఏడవడానికి ఈ చక్రవర్తి ఓ చిన్న సీసా తెప్పించుకుంటాడు, కన్నీటి చుక్క పట్టుకోవడానికి! తన కన్నీరు వృథా పోకూడదట. నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది.

టేలర్‌కి నటన రాదు, అంతే అనేస్తారు చాలామంది. నేనొప్పుకోను. ఆయనకి రాసిందేమిటి? ప్రేమించాలి, మారాలి, కత్తి పట్టుకోవాలి. రాతగాళ్ల సరదా అంతా నీరో డైలాగుల్లోనే తీరిపోయింది.

‘స్పార్టకస్’ (1960)లోనూ ఇదే వరస. కిర్క్ డగ్లస్ తన సొంత కంపెనీలో తీసుకున్న సినిమా అది. అయినా చార్లెస్ లాటన్, ఉస్తినోవ్ ఎదురెదురుగా కూర్చుని లావుగా ఉన్నవాళ్ల మంచితనం గురించి కబుర్లాడుతుంటే, హీరోగారి బానిసల తిరుగుబాటు కాసేపు ఆగినా పర్లేదనిపిస్తుంది. తమ ఇద్దరి సన్నివేశాలు కొన్నింటిని ఉస్తినోవే తిరగరాసుకున్నాడు మరి. హీరోలకి ఆ తెలివి ఎందుకు రాలేదో!

‘బెన్‌హర్’ (1959)కి చార్ల్‌టన్ హెస్టన్ ఉత్తమ నటుడి ఆస్కార్ కొట్టాడు కదా అంటారు. కొట్టాడు. ఓడలో తెడ్డు వేసే సీన్లలో ఆ దవడ బిగింపు చాలు, కాదనను. కానీ రథాల పందెం అయ్యాక, ఛిద్రమైన ఒంటితో పడుకుని, హీరో జూడా వచ్చేదాకా కాళ్లు కొయ్యనివ్వని విలన్ మెస్సాలాని చూడండి. ఆ వేషం వేసిన స్టీఫెన్ బాయిడ్‌కి కనీసం నామినేషన్ కూడా రాలేదు.

హీరోకి కాస్త కొంటెతనం ఇస్తే ఏమవుతుందో 1938 నాటి రాబిన్‌హుడ్‌లో ఎర్రోల్ ఫ్లిన్ చూపించాడు. వేటాడిన జింకని భుజాన వేసుకుని విందులోకి నడిచొచ్చి, ప్రిన్స్ జాన్ ముందు బల్ల మీద పడేస్తాడు. క్లాడ్ రెయిన్స్, బేసిల్ రాత్‌బోన్ లాంటి ఉద్దండులు ఎదురుగా ఉన్నా మన చూపు ఫ్లిన్ మీదే. ఆయన వాళ్లకంటే గొప్ప నటుడని కాదు. ఆయన్ని నవ్వనిచ్చారు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఆ ‘సహాయ నటుడు’ అనే మాట. నీరోకి ఉస్తినోవ్, పెట్రోనియస్‌కి లియో జెన్, ఇద్దరూ ఆ విభాగంలోనే నామినేట్ అయ్యారు. ‘స్పార్టకస్’కి ఉస్తినోవ్ గెలిచిందీ అందులోనే. ఎవరికి సహాయమండీ? నీరోని తీసేస్తే ఆ సినిమాలో మిగిలేది బూడిదే. మన ‘నర్తనశాల’లో కీచకుడు వేసిన ఎస్వీ రంగారావుకి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఇచ్చింది ఉత్తమ నటుడి బహుమతి. ముందు ‘సహాయ’ అని తగిలించలేదు.