వేమన నాలుగో పాదం వృథా పోలేదు

వాట్సాప్‌లో చాలాకాలంగా తిరుగుతున్న మాట ఇది: "వేమన రాసింది కవిత్వం కాదు, నీతివాక్యాలు. మామూలు మాటలు, అన్నదే అనడం. నాలుగో పాదం ఎప్పుడూ ఒకటే కాబట్టి రాసింది మూడు పాదాలే. అలాంటివి ఎవరైనా రాస్తారు. పండితులు అందుకే పట్టించుకోలేదు."

ముందు "అన్నదే అనడం" సంగతి చూద్దాం.

"అనగననగ రాగ మతిశయిల్లుచునుండు
తినగ తినగ వేము తియ్యనుండు"

ఈ పద్యం ఆటవెలది అనే ఛందస్సులో ఉంది. దాని రెండో పాదానికి ఐదు సూర్యగణాలు, అంటే ఐదు చిన్న లయ ముక్కలు కావాలి. తినగ, తినగ, వేము, తియ్య, నుండు. సరిగ్గా ఐదు. నాలుగో గణం మొదట్లో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలిసే అక్షరం ఉండాలి: 'తి'కి 'తి'. ఒక "తినగ" తీసేస్తే గణం ఒక్కటే కాదు, అర్థం కూడా పోతుంది. ఒక్కసారి తింటే వేపాకు చేదే కదా! అలవాటైతేనే ఆ చేదు పోతుందని చెప్పాలి, అందుకే ఆ అలవాటును మన నోటితోనే చేయించాడు. మూడో పాదంలో "సాధనమున" అనే మాట వచ్చేసరికి పాడేవాడు ఆ సాధన మొదలుపెట్టేసి ఉంటాడు. కవిత్వమంటే ఇంకేం కావాలి?

అన్నమయ్య కూడా ఇదే పని చేశాడు. "నిండార రాజు నిద్రించు నిద్రయు నొకటే, అండనే బంటు నిద్ర అదియు నొకటే." రాజుకీ బంటుకీ వేరువేరు మాటలు వాడి ఉంటే సమానత్వం కబురుగానే మిగిలేది. ఇద్దరి దగ్గరా అదే "నిద్ర", అదే "ఒకటే" పడ్డాయి కాబట్టి చెవికే తెలిసిపోతుంది.

ఇక నాలుగో పాదం. శతకానికి మకుటం, అంటే ప్రతి పద్యం చివరా అదే మాట రావడం, సంప్రదాయమే. "దాశరథీ కరుణాపయోనిధీ" అని పద్యం పద్యానికీ అన్న కంచర్ల గోపన్నను ఎవరూ ఇలా అనరు, వేమన్నే అంటారు. "విశ్వదాభిరామ వినుర వేమ"లో కూడా ఐదు సూర్యగణాలున్నాయి, 'వి'కి 'వి' యతి ఉంది. పైగా కవి "వినుర" అంటున్నది తన పేరు పెట్టుకునే. ఎంత కటువైన మాటైనా ముందు తనకే చెప్పుకున్నట్టుంటుంది, వినేవాడికి రోషం రాదు.

ఎవరైనా రాస్తారా? నిజమే, రాశారు. ఆ మకుటం తగిలించి ఎవరెవరో కట్టినవి వేమన పేరు మీద బోలెడు చేరాయి. అవన్నీ జనం నోట నిలిచాయా? "ఉప్పు కప్పురంబు" నిలిచింది. అందులో నిఘంటువు తీయాల్సిన మాట లేదు, కానీ చూపుకి ఒకటిగా ఉండి నాలుక మీద వేరయ్యే రెండు వస్తువులను వెతికి పట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు.

పండితులు పట్టించుకోలేదన్నది కూడా అబద్ధమే. సి.పి. బ్రౌన్ 1829లోనే ఇంగ్లీషు అనువాదంతో ఈ పద్యాలను అచ్చువేశాడు. ప్రాచీన ప్రాకృత పద్యాల సంకలనం గాథాసప్తశతిని తెలుగు చేసిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. అవి పుస్తకంగా వచ్చాయి. ఆ మెసేజ్‌ని ఇంకొకరికి పంపేముందు ఈ పుస్తకం చదవండి.