మోటారు ఆపి తిప్పరా అబ్బాయ్

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ కాలవల్లో ఈదుతున్న వంశం కదా, స్విమ్మింగ్ పూల్‌లో అప్రెంటిస్‌గా చేరిన కోనసీమ కుర్రాడు మొదటిరోజే నిక్కరుతో తయారైపోతాడు. "ఈత బాగా వచ్చండీ" అంటాడు. "ఈత వచ్చినోళ్ళు టికెట్ కొనుక్కుని వస్తార్రా. నువ్వు మోటారు గదిలోకి పద" అంటారు ఆపరేటరు గారు.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అతను కార్మికుడు కాడు, శిక్షణార్థి. చీపురుకి మాత్రం ఈ తేడా తెలీదు.

పొద్దున్నే నీళ్ళ పరీక్షలో కుర్రాడికి తిరుగులేదు. క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల పాళ్ళకి ఇన్ని పాళ్ళని), పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 నుంచి 7.6 ఉండాలని చెబితే చాలు. నాన్నకి రొయ్యల చెరువుంది. పీహెచ్ అతనికి ఉగ్గుపాలతో అబ్బింది. తేడా అంతా మోటారు గదిలోనే వస్తుంది.

నీటిని వడకట్టే ఇసుక ఫిల్టరు మీద ఒత్తిడి చూపే గేజి చూడాలి. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పటికంటే 8, 10 పీఎస్ఐ పెరిగిందంటే మురికి పట్టిందని, బ్యాక్‌వాష్ చెయ్యాలని, అంటే నీటిని వెనక్కి తోలి ఇసుకని కడగాలని అర్థం. మోటారు ఆపి, నీటి దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ పిడిని కిందికి నొక్కి బ్యాక్‌వాష్‌కి తిప్పి, మోటారు వెయ్యాలి. బయటికి పోయే నీటిని చూపించే గాజు బుడ్డిలో నీరు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు. మళ్ళీ ఆపి రిన్స్, అర నిమిషం. మళ్ళీ ఆపి ఫిల్టర్. "మాటిమాటికీ ఆపడానికి ఇదేమన్నా పల్లెవెలుగు బస్సాండీ?" అని కుర్రాడి బాధ. ఆపరేటరు గారు టీకెళ్ళిన సాయంత్రం, నడుస్తున్న మోటారు మీదే పిడిని ఫ్యాను రెగ్యులేటర్‌లా గిరగిరా తిప్పేశాడు.

ఒకపక్క నీటి ఒత్తిడి, ఇంకోపక్క కోనసీమ కండబలం. నలిగిపోయింది లోపలి స్పైడర్ గ్యాస్కెట్. బండి చక్రానికి ఆకుల్లాగా అడ్డగీతలుండే రబ్బరు వలయం అది. గాడిలోంచి లేచి ఒక ఆకు తెగింది. ఇక పిడి "ఫిల్టర్" అని చూపిస్తున్నా, కొంత నీరు వేస్ట్ పైపులోంచి పోతూనే ఉంటుంది. ఫిల్టర్ మీద ఉన్నప్పుడు గాజు బుడ్డిలో నీరు కదలకూడదు. ఆ రాత్రి అది గోదారిలా పారుతోంది, చూసినవాడు లేడు.

వేస్ట్ పైపు వెనకున్న బోదెలో కలుస్తుంది, బోదె కొబ్బరితోటలోకి పోతుంది. రోహిణి కార్తె, కాలవలు కట్టేసిన రోజులు. నడిచొచ్చిన నీళ్ళ మీద ఏ తోటాయన ఫిర్యాదు చేస్తాడు?

తెల్లారేసరికి పూల్ జానెడు దిగింది. పైపై నీటిని లాక్కునే స్కిమ్మర్ల నోళ్ళు బయటపడి, మోటారు గాలి పీల్చి గుర్రుపెడుతోంది. 25 మీటర్లకి 10 మీటర్ల పూల్‌లో 20 సెంటీమీటర్లంటే 50,000 లీటర్లు. ఐదేసి వేల లీటర్ల ట్యాంకర్లు పది.

"మోటారు ఆపే తిప్పావా?"

"ఆయ్... తిప్పాక ఆపానండీ."

గ్యాస్కెట్ హైదరాబాదు నుంచి రావాలి, మూడు రోజులు. మోటారు ఆగితే నీరు తిరగదు, చేత్తో చల్లిన క్లోరిన్ సమంగా కలవదు. కలిసినంత మేర కూడా, క్లోరిన్‌ని ఎండ నుంచి కాపాడే స్టెబిలైజర్ లేని నీళ్ళలో ఆ ఎండకి రెండు మూడు గంటల్లో ఆవిరి. మూడోనాటికి పూల్ పాచి పట్టి ఆకుపచ్చబడింది. దీనికి మందుంది. గోడలు బ్రష్‌తో రుద్ది, పీహెచ్ 7.2కి దింపి, సూర్యాస్తమయం అయ్యాక క్లోరిన్ 10 పీపీఎంకి ఎక్కించాలి. మూడున్నర లక్షల లీటర్లకి 65 శాతం హైపోక్లోరైట్, అంటే క్లోరిన్ పొడి, 5.4 కిలోలు పడుతుంది. బకెట్లో ముందు నీళ్ళు, తర్వాత పొడి. పొడి మీద నీళ్ళు పోస్తే మొహం మీదికి చిమ్ముతుంది. యాసిడ్ డబ్బా ఆ దరిదాపుల్లో ఉండకూడదు, రెండూ కలిస్తే విషవాయువు.

ఆపరేటరు గారు ఈ లెక్క వేసుకుంటుండగా కుర్రాడి నాన్న కొడుక్కి క్యారేజీ పట్టుకొచ్చాడు. గట్టు మీద గొంతుకూర్చుని, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి తృప్తిగా తలాడించాడు.

"రంగు బాగా కట్టిందండీ. రొయ్యపిల్ల ఎప్పుడు వదుల్తున్నారు?"