డిడ్ గారికి ఒక తండ్రి రాసుకున్న లేఖ

ఇంగ్లిష్ ప్రశ్నల్లో దూరే సహాయక క్రియ, మహారాజశ్రీ డిడ్ (did) గారికి,

నమస్కరించి రాయునది. మొన్న శనివారం పేరెంట్స్ మీటింగులో తమరు చేసిన మర్యాద ఇంకా అరగలేదు. ఇంటి నుంచి బడి గేటు దాకా బండి మీద వల్లె వేసుకుంటూ వెళ్ళింది ఒకే ఒక్క ప్రశ్న: 'వెన్ డిడ్ షీ మిస్డ్ ద క్లాస్?' టీచర్ ముందు దర్జాగా అడిగేశాను. పక్కనున్న మా ఆరో తరగతి అమ్మాయి నా చొక్కా లాగి, "మిస్, నాన్నా, మిస్!" అంది. టీచర్ తననే పిలిచిందనుకుని "యెస్, చెప్పమ్మా" అన్నారు. ఇక అది లేచి నిలబడి, వెనక కూచున్న వాళ్ళక్కూడా వినపడేలా, "డిడ్ వచ్చాక మిస్డ్ రాదు నాన్నా" అని నాకు పాఠం చెప్పింది.

ఎందుకు రాదండీ? జరిగిపోయిన సంగతిని జరిగిపోయినట్టు చెప్పుకునే హక్కు క్రియకు లేదా? తమరు అడుగు పెడితే చాలు, దాని ఇ.డి. తోక కత్తిరించి భూతకాలమంతా సొంత ఖాతాలో వేసుకుంటారు. వెంట్ కాస్తా గో, కేమ్ కాస్తా కమ్. పోనీ, అదైనా నికరమా? 'హూ బ్రోక్ ద గ్లాస్' అంటే తమరి జాడే ఉండదు. పగలగొట్టిందెవరని అడిగినప్పుడు మెల్లగా జారుకుని, ఏం పగలగొట్టాడని అడగ్గానే 'వాట్ డిడ్ హీ బ్రేక్' అంటూ ఊడిపడతారు!

1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో దేవుడు సాతానును 'వెన్స్ కమెస్ట్ దౌ' (ఎక్కడి నుంచి వస్తున్నావు) అని నేరుగానే అడిగాడు, మీ డూ-డిడ్ వంశంలో ఎవరి సిఫారసూ లేకుండా. దేవుడికి అక్కర్లేనివాడివి, నా నెత్తికెందుకు చుట్టుకున్నావు?

రాజేంద్రప్రసాద్ ఎన్నో రాష్ట్రపతి అని మీ ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో అడిగే దిక్కు లేదు గానీ, డాబుకేం తక్కువ లేదు. మా 'ఎప్పుడు'ను చూడు. 'పోయిన వారం మిస్సయింది' అనే జవాబులో 'పోయిన వారం' తీసి అదే చోట కూచుంటుంది. ప్రశ్న అయిపోయింది. ఎవరూ జరగక్కర్లేదు, ఎవరి తోకా తెగక్కర్లేదు.

వచ్చే శనివారం మళ్ళీ రమ్మన్నారు. "మా అమ్మాయి క్లాసు ఎప్పుడు మిస్సయింది, మిస్?" అని తెలుగులోనే అడుగుతాను. నువ్వు గేటు బయటే ఉండు.

ఇట్లు,
పరువు మిస్సయిన తండ్రి