సవరణ: నల్ల టీషర్టుకి మెత్తటి నీడలు వద్దు

టీషర్టు మీద నేరుగా ప్రింట్ చేయించే డిజైన్ల గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి.

72 డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే లెక్క) బొమ్మని ఫొటోషాప్‌లో 300కి మార్చేస్తే చాలన్నాను. చాలదు. అంకె మారుతుంది గానీ, బొమ్మలో లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఛాతీ మీద 12 అంగుళాల వెడల్పు కావాలంటే మొదటినుంచీ 3600 పిక్సెళ్లు ఉండాలి.

రెండోది పెద్ద తప్పు. అక్షరాల వెనక మెత్తటి నీడ పెడితే నల్ల టీషర్టు మీద అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయన్నాను. స్క్రీన్ మీద కనిపిస్తాయి, నిజమే. కానీ ముదురు గుడ్డమీద మెషిన్ ముందు తెల్ల ఇంకు పరిచి, దానిపైన రంగులు వేస్తుంది. సగం పారదర్శకంగా ఉన్న పిక్సెళ్ల కింద కూడా ఆ తెలుపు పడుతుంది. నాకొచ్చిన శాంపిల్‌లో నీడ ఉండాల్సిన చోట, బట్టకి సున్నం అంటుకున్నట్టు బూడిదరంగు అంచు కనిపించింది. తప్పు షాపువాళ్లది కాదు, నా ఫైలుదే.

నీడ తీసేసి అంచులు గట్టిగా కత్తిరించండి. నీడ ఉండి తీరాలంటే దాన్ని హాఫ్‌టోన్ చుక్కలుగా, అంటే దూరం నుంచి నీడలా కనిపించే గట్టి చిన్న చుక్కలుగా మార్చండి. బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ ఫైలు పంపమని అప్పుడు చెప్పిన మాటలో మార్పు లేదు.