యూరప్ యాప్‌లకు మారడం వృథానా?

"గూగుల్, మైక్రోసాఫ్ట్, మెటా యాప్‌లు వదిలి యూరప్ యాప్‌లకు మారడం వట్టి వృథా" అనే సందేశం ఒకటి తెగ తిరుగుతోంది. అందులోని వాదన ఇదీ: డేటా ఎక్కడున్నా ఒకటే, యూరప్ కంపెనీలు నడిచేదీ అమెరికా సర్వర్ల మీదే, ఆ యాప్‌లు పనికిరావు, మారాలంటే అన్నీ ఒకేసారి వదలాలి, అది మామూలు మనిషి వల్ల కాదు. మారదామనుకున్నవాళ్లు కూడా ఇది చదివి వెనక్కి తగ్గుతున్నారు. అది నాకు బాధగా ఉంది.

డేటా ఎక్కడున్నా ఒకటే అన్నది వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసే మాట. అమెరికా 2018లో తెచ్చిన క్లౌడ్ యాక్ట్ ప్రకారం, అక్కడి చట్టం కిందికి వచ్చే కంపెనీ తన చేతిలోని డేటాను, సర్వర్ ఏ దేశంలో ఉన్నా, చట్టబద్ధమైన ఆదేశం వస్తే ఇవ్వాల్సిందే. 2025 జూన్‌లో ఫ్రాన్స్ సెనేట్ కమిటీ మైక్రోసాఫ్ట్ ఫ్రాన్స్ ప్రతినిధిని సూటిగా అడిగింది: ఫ్రాన్స్ అధికారుల అనుమతి లేకుండా ఇక్కడి పౌరుల డేటా అమెరికా ప్రభుత్వానికి వెళ్లదని హామీ ఇవ్వగలరా అని. ఇవ్వలేనని ఆయన ప్రమాణం చేసి మరీ చెప్పారు. అలా ఇంతవరకూ జరగలేదని కూడా అన్నారు. అంటే సర్వర్ యూరప్‌లో ఉంటే సరిపోదు, కంపెనీ ఏ చట్టానికి లోబడి ఉందో చూడాలి.

అలాగని యూరప్ కంపెనీ ఎవరికీ ఏమీ ఇవ్వదనుకోవద్దు. స్విట్జర్లాండ్‌కు చెందిన మెయిల్ కంపెనీ ప్రోటాన్, అక్కడి అధికారుల ఆదేశం మీద ఫ్రాన్స్‌లోని ఒక పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఇచ్చిందని 2021లో బయటపడింది. మెయిళ్లలో ఏముందో మాత్రం ఇవ్వలేకపోయింది. ఎన్‌క్రిప్షన్ వల్ల, అంటే తాళం ఉన్నవాళ్లే చదవగలిగేలా రాతను మార్చేయడం వల్ల, అది కంపెనీకే కనపడదు. చట్టం ఎంత ముఖ్యమో ఎన్‌క్రిప్షన్ అంత ముఖ్యం.

అమెరికా సర్వర్ల మాటలో సగం నిజం ఉంది. స్వీడన్‌లో పుట్టిన స్పాటిఫై గూగుల్ క్లౌడ్ మీద నడుస్తుంది. ఫ్రెంచ్ సెర్చ్ ఇంజిన్ క్వాంట్ చాలాకాలం మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ ఫలితాల మీద ఆధారపడింది; 2024 నవంబరులో బెర్లిన్‌లోని మరో సెర్చ్ ఇంజిన్ ఎకోసియాతో కలిసి సొంత ఇండెక్స్ (వెతకడానికి వాడే వెబ్ పేజీల జాబితా) కట్టే పనికి దిగింది. కానీ హానోవర్‌లోని టూటా మెయిల్ సర్వర్లు జర్మనీలోనే ఉన్నాయి. ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్ నెక్స్ట్‌క్లౌడ్‌ను అయితే మనకు నచ్చిన సర్వర్ మీద పెట్టుకోవచ్చు. ఖాతా తెరిచే ముందు ప్రైవసీ పాలసీలో సబ్‌ప్రాసెసర్ల (కంపెనీ తరఫున డేటాతో పని చేసే బయటి సంస్థల) జాబితా ఉందేమో వెతకండి. డేటా ఇంకెవరి చేతుల్లోకి వెళ్తుందో అక్కడే తెలుస్తుంది.

ఇక పనికిరావు అన్న మాట. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం సుమారు 30,000 ప్రభుత్వ కంప్యూటర్లను వర్డ్, ఎక్సెల్ లాంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్‌కు మారుస్తామని 2024లో ప్రకటించి పని మొదలుపెట్టింది. కాలిబ్రీ ఫాంట్‌లో ఉన్న మామూలు వర్డ్ ఫైల్‌ను లిబ్రెఆఫీస్‌లో తెరిస్తే, ఆ ఫాంట్ లేని చోట కార్లీటో వస్తుంది. రెండింటి అక్షరాల వెడల్పు ఒకటే కాబట్టి లైన్లు చెదరవు. చిక్కంతా ఎక్సెల్ మాక్రోలతో (పనులు వాటంతటవే జరిగేలా ఫైల్‌లో రాసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌లతో), గజిబిజి టేబుళ్లతో. రోజంతా వాటితోనే పని చేసేవాళ్లు తొందరపడకూడదు. ఆర్గానిక్ మ్యాప్స్ ఇంటర్నెట్ లేకుండా దారి చూపిస్తుంది గానీ ట్రాఫిక్ ఎంతుందో చెప్పదు. ఈ లోట్లు ఉన్నమాట నిజమే, వాటిని దాచి ఎవరినీ మార్చకూడదు.

అన్నీ ఒకేసారి వదలాలన్నది మాత్రం పూర్తిగా తప్పు. మెయిల్‌తో మొదలుపెట్టండి. కొత్త ఖాతా తెరిచాక పాతది మూసేయకుండా ఫార్వర్డింగ్ పెట్టండి. బ్యాంకు, పన్నులు, ఆస్పత్రి ఖాతాల్లో అడ్రస్ ముందు మార్చండి. ఆ తర్వాత పాత అడ్రస్ నుంచి ఫార్వర్డ్ అయ్యే ప్రతి మెయిలూ ఇంకా ఎక్కడ మార్చాలో చెబుతుంది. కాంటాక్టులు వీసీఎఫ్ ఫైల్‌గా, క్యాలెండర్ ఐసీఎస్ ఫైల్‌గా దించుకుంటే దాదాపు ఎక్కడైనా తెరుచుకుంటాయి. కొంచెం ఖర్చు పెట్టగలిగితే సొంత డొమైన్, అంటే మెయిల్ అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు, తీసుకోండి. కంపెనీలు చేతులు మారుతుంటాయి: ఎస్టోనియాలో తయారైన స్కైప్‌ను 2005లో ఈబే, 2011లో మైక్రోసాఫ్ట్ కొన్నాయి, 2025 మేలో అది మూతపడింది. డొమైన్ మీదైతే కంపెనీ మారినా అడ్రస్ మారదు.

వాట్సాప్ సంగతి వేరు. బంధువులూ స్నేహితులూ అందరూ అక్కడే ఉన్నప్పుడు ఒక్కరం బయటికి వస్తే మాట్లాడేవాళ్లే ఉండరు. ఇతర మెసేజింగ్ యాప్‌లు కోరితే వాటితో కలవాలని యూరోపియన్ యూనియన్ డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ వాట్సాప్‌ను ఆదేశిస్తోంది, ఆ నిబంధనలు 2024 మార్చి నుంచి వర్తిస్తున్నాయి. అది అందరికీ అందేదాకా వాట్సాప్‌ను ఫోన్‌లో ఉంచుకోండి, మెయిలూ ఫైళ్లూ దానికోసం ఆగక్కర్లేదు. కాకపోతే చాట్ బ్యాకప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. 2021 నుంచి ఆ సౌకర్యం ఉంది, కానీ మనం ఆన్ చేస్తేనే క్లౌడ్‌లోని బ్యాకప్‌కు ఆ రక్షణ దొరుకుతుంది.