శాలువాలు పోగా మిగిలిన ఐదు నిమిషాలు

గుంటూరులో మనలో చాలామంది చదువుకున్న ఆ పాత ఎయిడెడ్ హైస్కూలు వార్షికోత్సవం ఫొటోలు మార్చి నెలంతా అమెరికాలోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. వేదిక మీద వరసగా కుర్చీలు, కుర్చీల్లో బడికి విరాళాలిచ్చిన మనవాళ్లు, మనవాళ్ల భుజాల మీద శాలువాలు. కింద లెక్కలేనన్ని చప్పట్ల బొమ్మలు. ఆ సాయంత్రం నేనూ ఆ ఆవరణలోనే ఉన్నాను, కింద ప్లాస్టిక్ కుర్చీలో, మా అక్క పక్కన. అక్క మనవరాలు నాటకంలో వేషం వేసింది. ఇన్ని ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ ఆ నాటకం లేదు కనుక దాని సంగతి నేను రాస్తున్నాను.

నాటకం చీరాల–పేరాల ఉద్యమం మీద. తెలుగు మాస్టారు తానే రాసి, సంక్రాంతి సెలవులు అయిన దగ్గరనుంచి సాయంత్రాలు బడి వదిలాక పిల్లల చేత సాధన చేయించారు. కథ మీకు తెలిసిందే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం పురపాలక సంఘం చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. కట్టం అన్నారు జనం. 1921లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని 11 నెలలు అక్కడే ఉన్నారు. చీరాల అప్పట్లో గుంటూరు జిల్లాలోనిదే. జనాన్ని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చినవాడు. సీమ చదువు చదివి, తిరిగొచ్చి, కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని నడిపినవాడు. ఆయన వేషం మా పిల్లది.

ఆహ్వానపత్రంలో నాటకం సాయంత్రం ఆరున్నరకు అని ఉంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, నివేదిక చకచకా అయిపోయాయి. తర్వాత సన్మానాలు. ఒక్కొక్క దాతనూ పేరు పెట్టి పిలిచారు. ఏ ఏడాది పదో తరగతి, ఇప్పుడు అమెరికాలో ఏ ఊరు, ఏ కంపెనీ, ఎంత ఇచ్చారు అన్నీ చదివారు. శాలువా, జ్ఞాపిక, ఫొటో, ఆపైన ‘రెండు మాటలు’. మైకు ముందుకు వచ్చి రెండు మాటలు చెబుతానన్నవారు రెండు మాటలతో ఆగిన సందర్భం నా ఎరుకలో లేదు. ఒకాయన తాను కిరోసిన్ దీపం కింద చదివిన వైనం చెప్పారు. ఇంకొకాయన పిల్లలకు కాలం విలువ గురించి చాలాసేపు బోధించారు. నవ్వుకోవడానికి అక్క, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఎనిమిది దాటాక మంచినీళ్ల సీసా పట్టుకుని వేదిక వెనకాల గదికి వెళ్లాను. ఆరో తరగతి గది అది. బల్లలన్నీ గోడ వారకు జరిపి నలభై మంది పిల్లలు నేల మీద కూర్చున్నారు. అద్దె దుకాణం నుంచి తెచ్చిన పంచెలు, జరీ అంచు తలపాగాలు, దుప్పట్లలో కట్టిన మూటలు. ఒకడి దగ్గర చేట, ఒకమ్మాయి చంకలో నిజమైన ఇత్తడి బిందె. ఇది మిర్చి యార్డుకు సరుకు వచ్చే కాలం. రోడ్డు మీద బస్తాల లారీ వెళ్లినప్పుడల్లా కిటికీలోంచి ఘాటు కొట్టి గది గదంతా తుమ్ముతోంది. మా పిల్లకు కాటుకతో దిద్దిన మీసం చెమటకు కారి గడ్డం దాకా వచ్చింది. ఆ మీసాన్ని మాస్టారు మళ్లీ దిద్దుతున్నారు. అది ఆ సాయంత్రంలో ఎన్నోసారో ఆయనకే తెలియాలి. ‘చిన్నమ్మమ్మా, ఇంకెంతసేపు?’ అని అడిగింది. బయట మైకులో కొత్త పేరు వినిపించింది.

తొమ్మిదిన్నర దాటాక నిర్వాహకులొకరు గదిలోకి వచ్చారు. రాత్రి 10 దాటితే మైకు వాడకూడదు, అది చట్టం. పిల్లల ఆటోలవాళ్లు గేటు దగ్గర తొందర పెడుతున్నారు. ‘ఐదు నిమిషాలే ఉన్నాయి మాస్టారూ. చివరి దృశ్యం ఒక్కటి వేయించండి’ అన్నారు. అరగంట నాటకంలో చివరి దృశ్యం జనం ఊరు వదిలి వెళ్లడం. అందులో మాటలు లేవు. మాటలన్నీ దానికి ముందే అయిపోతాయి. కనుక నలభై మంది పిల్లలు మూటలు నెత్తిన పెట్టుకుని ఒక పక్కనుంచి వచ్చి ఇంకో పక్కకు నడిచి వెళ్లారు. పన్ను సంగతి తెలియని, దుగ్గిరాల ఎవరో తెలియని ప్రేక్షకులకు ఏం అర్థమవుతుంది? మా వెనక వరసలో ఒకతను ‘అద్దె ఇల్లు మారుతున్నారా?’ అన్నాడు. చుట్టుపక్కల గొల్లున నవ్వారు. వెంటనే వందన సమర్పణ మొదలైంది.

పద్యం బాగుంటే వన్స్‌మోర్ అని నాటకాన్ని ఆపి మళ్లీ పాడించుకున్న జనం ఈ జిల్లా జనం. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే జరిగాయి. నాటకం అంటే తెలియని ఊరు కాదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

‘పోనీలే, వచ్చే ఏడు వేస్తారు’ అని నాతో చాలామంది అన్నారు. వేయరు. మా పిల్లది తొమ్మిదో తరగతి. వచ్చే ఏడు పదిలోకి వస్తే 600 మార్కుల పబ్లిక్ పరీక్షలు. పదో తరగతి వాళ్లను వేదిక ఎక్కనివ్వరు. ఆ తర్వాత రెండేళ్ల ఇంటర్మీడియట్ ఏ రెసిడెన్షియల్ కాలేజీలో గడుస్తుందో, అక్కడ సాయంత్రాలు ఏం చేయిస్తారో మీకు నేను చెప్పాలా? తొమ్మిదో తరగతి వార్షికోత్సవమే ఆ నలభై మందికీ ఆఖరి వేదిక. కాలం విలువ గురించి బోధించిన పెద్దమనిషికి ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

న్యూజెర్సీలో మా అమ్మాయిలు హైస్కూల్లో ఉన్నప్పుడు ప్రతి వసంతంలోనూ మ్యూజికల్, అంటే పాటలతో సాగే నాటకం, వేసేవారు. చలికాలంలో ఆడిషన్లు, అక్కడినుంచి మార్చి దాకా రిహార్సల్స్. అట్టలతో మేడలు కట్టేది, లైట్లు నడిపేది, తెర లాగేది, వాద్యాలు వాయించేది అందరూ పిల్లలే. ఆ నాటకం వేసుకునే హక్కులకు రుసుము కట్టాలి. దుస్తులకు, రంగులకు డబ్బు కావాలి. టికెట్లు అమ్మగా వచ్చింది పోను మిగతాది తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బు పెట్టుకుంటుంది. మేమూ ఇచ్చాం. మా పేరు కార్యక్రమ పుస్తకం చివరి పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో పడింది. ప్రిన్సిపల్ గారు వచ్చి, ఫోన్లు ఆపమని చెప్పి, అత్యవసర ద్వారాలు ఎటున్నాయో చూపించి దిగిపోయారు. చివరి రోజు ప్రదర్శన అయ్యాక, ఆ ఏడాది బడి వదిలి వెళ్లే పన్నెండో తరగతి పిల్లలను ముందుకు పిలిచి పూలిచ్చారు. అలాంటి హాళ్లలో ఫోను కట్టేసి, మాట్లాడకుండా, టికెట్టు కొనుక్కుని కూర్చునేది కూడా మనవాళ్లే. అక్కడ ఎవరికీ శాలువా గుర్తుకు రాదు.

అలాగని అమెరికా పద్ధతే గొప్పదని నేననను. మా పెద్దమ్మాయి పేరు ఆడిషన్ జాబితాలో లేదని తెలిసిన రాత్రి అది అన్నం ముట్టలేదు. బాగా పాడేవాళ్లే పాడతారక్కడ. మన గుంటూరు మాస్టారు ఎవర్నీ కాదనలేదు. మాట తడబడే పిల్లవాడికి చేట ఇచ్చి జనంలో నడిపించాడు. ఆ పిల్లవాడి తల్లి మా ముందు వరసలో కూర్చుని ఆ నాలుగు అడుగుల కోసం మూడు గంటలు ఎదురుచూసింది. సన్మానమన్నా నాకు చులకన లేదు. రిటైరైన గురువుకు శాలువా కప్పుతుంటే నా కళ్లూ చెమరుస్తాయి. అయితే ఇచ్చినవాళ్లం మనమే, కప్పించుకున్నవాళ్లం మనమే అయితే అది ఏ మర్యాద?

మర్నాడు హెడ్మాస్టరు గారిని కలిసి ఈ మాటే అడిగాను. ఆయన విసుక్కోలేదు. ‘అంత దూరం నుంచి వచ్చినవారిని పలకరించకుండా ఎలా పంపమంటారమ్మా? వచ్చే ఏడు శామియానా ఎవరు వేయిస్తారు?’ అన్నారు. ఆయన చెప్పింది నిజం. వద్దనడం ఆయన వల్ల కాదు. వద్దనగలిగింది మనం ఒక్కరమే.

ఈ అలవాటు ఆ ఊరితో ఆగలేదు కూడా. మన ఉగాది వేడుకలే చూడండి. స్పాన్సర్లకు పుష్పగుచ్ఛాలు ఇచ్చే వేళకు హాలు నిండుగా ఉంటుంది. తెలుగు బడి పిల్లలు పద్యాలు చదివే వేళకు అందరూ బిర్యానీ వరసలో ఉంటారు. నిరుడు ఒక పిల్లవాడు వేమన పద్యం చదువుతుంటే మైకులోనే ‘బయట తెల్ల హోండా ఎవరిదండీ’ అని ప్రకటించారు. వాడు పాపం ఆగి, మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

దీపావళికి జరిగే సర్వసభ్య సమావేశంలో మన సంఘం ఆ బడికి పంపే డబ్బు సంగతి ఎలాగూ వస్తుంది. చెక్కుతో పాటు ఒక ఉత్తరం కూడా పంపుదాం. దాతలు వేదిక ఎక్కరని, పేర్లు ఆహ్వానపత్రం వెనక చిన్న అక్షరాల్లో వేస్తే చాలని, పిల్లల కార్యక్రమాలన్నీ అయ్యాకే పెద్దల ఉపన్యాసాలని అందులో రాద్దాం. సన్మానం లేకపోతే ఇవ్వనన్నవారు ఉంటే ఆ లోటు మిగతావాళ్లం పూడ్చుకుందాం. అది అంత పెద్ద మొత్తమేమీ కాదు, మన విందు ఖర్చులు చూసినదాన్ని కనుక చెబుతున్నాను.

దీపావళి దాకా ఆగలేని పని మరొకటి ఉంది. పరీక్షలు ఏప్రిల్‌లో ముగుస్తాయి, వేసవి సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో ఇస్తారు. ఆ మధ్యలో ఒక సాయంత్రం ఊళ్లో ఏదైనా హాలు తీసుకుని చీరాల–పేరాల నాటకం పూర్తిగా వేయించాలని నా కోరిక. మాస్టారిని అడిగాను, సరేనన్నారు. హాలు అద్దె, లైట్లు, వేషాల అద్దె, పిల్లలకు ఇడ్లీ, అంతే ఖర్చు. సాయం చేయదలచినవారు సంఘం కార్యదర్శికి ఫోను చేయండి. ఆ రోజుల్లో గుంటూరులో ఉండేవారు తప్పకుండా రండి. ముందు రెండు వరసలూ పిల్లల తల్లులకు, మనకు మూడో వరస నుంచి.